ఇనుప బోటుకు బో థ్రస్టర్ టన్నెల్ మార్చాలంటే

బోటు ముక్కు దగ్గర, నీటి మట్టానికి కింద, ఎడమ పక్క నుంచి కుడి పక్కకు అడ్డంగా పోయే గొట్టాన్ని టన్నెల్ అంటాం. దాని మధ్యలో బో థ్రస్టర్ అనే మిషను చిన్న ప్రొపెల్లర్ తిరిగి నీటిని ఒక పక్కకు నెడితే బోటు ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది. గాలి తోస్తున్నప్పుడు జెట్టీకి ఆనించే సరంగుకు అది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. కానీ ఆ గొట్టం లోపల ఉన్నదంతా బయటి నీరే. అంటే గొట్టం గోడ కూడా బోటు బాడీలో భాగమే. దానికి చిల్లి పడితే బోటుకు చిల్లి పడినట్టే. దీన్ని పైపులైను పనిలా చూసే మేస్త్రీకి ఈ పని అప్పజెప్పకండి.

గోపాల్‌పూర్ నుంచి రంభ దాకా మన ఒడిశా పక్క థ్రస్టర్ ఉన్న ఇనుప బోట్లు తక్కువే. పోర్టు పనులకు తిరిగే వర్కు బోట్లు, ఎవరో అమ్మితే కొనుక్కొచ్చి చిలికా సరస్సులో తిప్పుతున్న లాంచీలు కొన్ని, అంతే. అందుకే ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లూ తక్కువ. బరంపురంలో ట్యాంకులు, షెడ్లు కట్టే మంచి వెల్డర్లు ఉన్నారు. వాళ్ల చేతే చేయించుకోవచ్చు, కాకపోతే ఏం అడగాలో, ఎక్కడ దగ్గరుండి చూడాలో యజమానికి తెలిసి ఉండాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి 6 మి.మీ. బాడీ ప్లేటు, 250 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న టన్నెల్ అనుకుని చెప్తాను. మీ బోటు కొలతలు వేరైతే థ్రస్టర్‌తో వచ్చిన మాన్యువల్ చూసి మార్చుకోండి.

ముందు రోగం ఏమిటో చూడండి

టన్నెల్ దానంతట అది పాడవదు. ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది.

బోటును పైకి తీసి, లోపల పట్టిన గవ్వలు, నాచు గీకేసి టార్చి వేసి చూడండి. ప్రొపెల్లర్ తిరిగే చోట మాత్రమే వలయంలా అరిగి ఉంటే అది ఇసుక పని, లేదా ప్రొపెల్లర్ దగ్గర పుట్టి పగిలే బుడగల దెబ్బ. చిలికాలో చాలా చోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. తక్కువ నీళ్లలో థ్రస్టర్ నొక్కితే అడుగున ఉన్న ఇసుకా బురదా టన్నెల్‌లోకి లేస్తాయి. ప్రొపెల్లర్ వాటిని గోడకేసి రాస్తూనే ఉంటుంది. అలా అరిగితే కొత్త గొట్టం గోడ ఒక మి.మీ. మందం పెంచుకోవడం, సరంగుకు నాలుగు మాటలు చెప్పడం తప్ప వేరే మందు లేదు.

అలా కాకుండా థ్రస్టర్ కాలు (మోటారు నుంచి గోడ గుండా టన్నెల్‌లోకి వచ్చి ప్రొపెల్లర్‌ను పట్టుకునే భాగం) కూర్చునే చోటు చుట్టూ గుంటలు గుంటలుగా తినేసి ఉంటే అది కరెంటు తుప్పు. థ్రస్టర్ కాలు కంచు, బాడీ ఉక్కు. రెండూ ఒకదానికొకటి తగిలి ఉప్పు నీళ్లలో ఉంటే ఉక్కు తరిగిపోతుంది, కంచు నిక్షేపంలా ఉంటుంది. మధ్యలో వేసే ఇన్సులేషన్ గాస్కెట్ నలిగిపోయిందా, అసలు లేదా, బోల్టుల బుష్షులు పగిలాయా అన్నది విప్పినప్పుడు చూసి ఫోటో తీసి పెట్టుకోండి. మోటారు వైరింగులో కరెంటు బాడీలోకి కారుతున్నా ఇదే గతి. నేను చూసిన వాటిలో ఎక్కువ ఈ రెండో రకమే.

మందం కొలవడానికి అల్ట్రాసోనిక్ గేజ్ ఉన్న మనిషిని ఒక పూట పిలిపించండి. సుత్తితో కొట్టి శబ్దం వినడం మొదటి చూపుకు సరే, దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకూడదు. అసలు మందంలో పావు వంతుకు మించి చాలా చోట్ల తగ్గితే మార్చేయమంటాను. ఒకటి రెండు విడి గుంటలైతే గ్రైండ్ చేసి వెల్డింగుతో నింపి నున్నగా చేసుకోవచ్చు. లోపల అతుకు ప్లేటు వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ప్రొపెల్లర్ రెక్క చివరకూ గోడకూ మధ్య ఉండేదే కొన్ని మి.మీ. సందు, అక్కడ అతుకుకు చోటెక్కడిది.

టన్నెల్ చుట్టుపక్కల బాడీ ప్లేటునూ అదే రోజు కొలిపించండి. కొత్త గొట్టాన్ని కుళ్లిన ప్లేటుకు వెల్డ్ చేయలేం. అది కూడా పలచబడి ఉంటే ఆ ముక్క కూడా మార్చాల్సిందే, ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది.

బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటే సర్వేయర్‌కు పని మొదలుపెట్టక ముందే చెప్పండి. చిలికా లాంటి చోట తిరిగేవాటికి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. రంగు వేసేశాక ఆయన వచ్చి వెల్డింగు చూపించమంటే మళ్లీ గీకాలి.

ఏ నెలలో పెట్టుకోవాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి. అక్టోబరు జోలికి వెళ్లకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ముక్కుకు రెండు పక్కలా కన్నం పెట్టుకుని దిమ్మెల మీద కూర్చున్న బోటును తుఫాను ముందు ఎక్కడికీ కదపలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు మరబోట్లన్నీ రిపేరుకు వస్తాయి, వెల్డర్లు దొరకరు, దొరికినా మీ పని మధ్యలో వదిలేసి పోతారు. పైగా ఆ ఎండలో బోటు లోపల మనిషి కూర్చోలేడు.

గొట్టం

లోపలి వ్యాసం సరిగ్గా 250 ఉండాలి. మార్కెట్లో దొరికే 10 అంగుళాల పైపు ఆ కొలతకు రాదు. బయటి వ్యాసం 273 మి.మీ., లోపలిది మందాన్ని బట్టి మారుతుంది. మామూలు షెడ్యూల్ 40 పైపులో లోపల 254 దాకా వస్తుంది. ఆ నాలుగు మి.మీ. తేడాకే థ్రస్టర్ బలం తగ్గుతుంది. కాబట్టి ప్లేటు రోలింగ్ చేయించడమే మేలు. 8 మి.మీ. ప్లేటైతే మధ్య వ్యాసం 258, దాన్ని 3.1416తో గుణిస్తే సుమారు 810 మి.మీ. వెడల్పు ప్లేటు కావాలి. బరువు మీటరుకు 51 కిలోల దాకా ఉంటుంది.

టన్నెల్ గోడ మందం పక్కనున్న బాడీ ప్లేటు మందం కంటే తక్కువ ఉండకూడదు. 6 మి.మీ. బాడీకి 8 మి.మీ. గొట్టం సరిపోతుంది. ప్లేటు ఐఎస్ 2062 (మామూలు నిర్మాణాలకు వాడే ఉక్కు) దొరికితే చిన్న బోట్లకు నడుస్తుంది, క్లాస్ కింద, అంటే ఓడలను తనిఖీ చేసి సర్టిఫికెట్టు ఇచ్చే సంస్థ కింద, ఉన్న బోటైతే సర్టిఫికెట్టు ఉన్న మెరైన్ గ్రేడ్ ప్లేటే అడుగుతారు. దానికి విశాఖ వెళ్లాలి. రోలింగ్ కూడా అక్కడే చేయించుకుని తెచ్చుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది. రెండు చివర్లా కనీసం 100 మి.మీ. చొప్పున అదనపు పొడవు ఉంచమనండి. బాడీ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పై అంచుకు, కింది అంచుకు పొడవు తేడా వస్తుంది.

గొట్టం పొడవునా వచ్చే అతుకును లోపల వైపు గ్రైండ్ చేసి గోడతో సమం చేయాలి. ఆ అతుకు థ్రస్టర్ కాలు కూర్చునే చోటికి రాకుండా చూసుకోండి. కాలు పైనుంచి దిగేదైతే అతుకును పక్కకు, 45 డిగ్రీల దాకా తిప్పి పెట్టాలి. గొట్టం చేతికి రాగానే ఒక చెక్క పలకను 248 మి.మీ. వ్యాసంతో గుండ్రంగా కోసి, మధ్యలో కర్ర బిగించి, ఈ చివర నుంచి ఆ చివరకు తోసి చూడండి. ఎక్కడా పట్టకుండా పోతే గొట్టం గుండ్రంగా ఉన్నట్టు. ఆ పలక పారేయకండి, దానితో ఇంకా పని ఉంది.

లోపలికి దిగే ముందు

థ్రస్టరు, మోటారు, వైర్లు విప్పి బయట పెట్టండి. బ్యాటరీల రెండు కేబుళ్లూ ఊడదీయాలి, మెయిన్ స్విచ్ ఆపితే చాలదు. ఆల్టర్నేటర్, వైర్‌లెస్ సెట్టు, లోతు చూసే మిషను కనెక్షన్లు కూడా తీసేయండి.

ముక్కు భాగంలోని గది చాలా బోట్లలో మూతపడే ఉంటుంది. మూసిన ఇనుప గదిలో తుప్పు పడుతూ పడుతూ గాలిలోని ఆక్సిజన్ను తినేస్తుంది. వాసన ఉండదు, మంట ఉండదు, దిగిన మనిషి పడిపోతాడు, వాణ్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. ముందు రోజే మూత తీసి బ్లోయర్ పెట్టండి. గ్యాస్ మీటరు అద్దెకు తెచ్చి చూడండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తక్కువ చూపిస్తే దిగనివ్వకండి. పక్క గదిలో డీజిల్ ట్యాంకు ఉంటే ఖాళీ చేసి, ఆవిరి పోగొట్టి, మండే గ్యాస్ లేదని తేలాకే మంట పెట్టాలి. పైన ఒక మనిషి నీళ్ల బకెట్టు, ఫైర్ సిలిండర్‌తో పని అయ్యేదాకా, అయ్యాక అరగంట కూడా ఉండాలి. గోడ అవతల చెక్క ప్యానెల్, ఫోమ్ ఉంటే అవి తీసేయండి, అగ్గి మొదట అక్కడే అంటుకుంటుంది. పాత అడుగు రంగును గ్యాసుతో కాల్చకండి, ఆ పొగ విషం. కోసే గీతకు అటూ ఇటూ 100 మి.మీ. గీకేయాలి.

గుర్తులు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, చాలామంది హడావుడిగా కానిచ్చేసేదీ ఇదే. పాత టన్నెల్ తీసేశాక అది ఎక్కడుండేదో చెప్పడానికి బోటులో ఏమీ మిగలదు. కాబట్టి తీయకముందే అంతా బాడీ మీదికి ఎక్కించుకోవాలి.

ముందుగా బోటు దిమ్మెల మీద సరిగ్గా కూర్చుందా చూడండి. గొట్టం మట్టంతో, అంటే మేస్త్రీలు నీళ్లు పోసి పట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో, రెండు పక్కలా నీటి గీత ఒకే ఎత్తులో ఉందో లేదో చూసి, లేకపోతే సీలలు కొట్టి సరిచేయండి. తర్వాత ముక్కు కొన నుంచి పాత టన్నెల్ మధ్య బిందువుకు ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత కొలవండి. రెండూ సమానంగా ఉంటే టన్నెల్ బోటు నడి గీతకు అడ్డంగా నిలిచినట్టు. నీటి గీత నుంచి టన్నెల్ పై అంచు ఎంత కిందికి ఉందో కూడా రాసుకోండి. అది కనీసం వ్యాసంలో సగం, వీలైతే పూర్తి వ్యాసమంత లోతులో ఉండాలి. లేకపోతే థ్రస్టర్ పైనుంచి గాలి పీలుస్తుంది, శబ్దమే తప్ప పని ఉండదు. పాత బోటు తయారీదారు దాన్ని మరీ పైన పెట్టి ఉంటే, కిందికి దింపడానికి ఇదే అదను. కానీ కిందికి దింపితే లోపలి ఫ్రేములు కూడా కోయాలి, అది వేరే స్థాయి పని, సర్వేయర్‌ను అడగకుండా చేయొద్దు.

ఈ కొలతలన్నిటికీ సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టండి. గుర్తులు కోసే గీతకు 150 మి.మీ. దూరంగా, వేడి తగలని చోట ఉండాలి. చాక్‌పీసు గీతలు మొదటి గ్రైండింగుకే పోతాయి.

కోత

కోసే ముందే బాడీ బయట, కన్నానికి పైనా కిందా, యాంగిల్ ముక్కలు టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డింగు) వేసి బిగించండి. కన్నం పడ్డాక ప్లేటు వంకర పోకుండా అవే ఆపుతాయి.

మొదట బాడీని ముట్టుకోకండి. లోపల టన్నెల్‌ను మధ్యలో రెండు ముక్కలుగా కోసి తీసేయండి. ఫ్రేములకు, నిలువు ప్లేట్లకు ఉన్న వెల్డింగులను గ్రైండరుతో విడదీయండి. అప్పుడు రెండు చివర్లా బాడీకి అంటుకున్న చిన్న రింగులు మాత్రమే మిగులుతాయి. వాటి వెల్డింగును లోపల నుంచి గ్రైండ్ చేసుకుంటూ వస్తే బాడీ కన్నం పెద్దది కాకుండా రింగు ఊడి వస్తుంది. గ్యాసుతో ఒక్క ఊపులో బాడీతో సహా కోసేసేవాడు గంటలో పని ముగిస్తాడు, తర్వాత 10 మి.మీ. సందు పూడ్చడానికి ఒక రోజు పడుతుంది.

బాడీ ప్లేటు కూడా మారుస్తుంటే కొత్త ప్లేటు మీద కన్నం గుండ్రంగా కాక, కోడిగుడ్డు ఆకారంలో రావాలి. దాన్ని గీయడానికి సులువైన ఉపాయం ఉంది. రెండు పక్కలా మధ్య బిందువుల దగ్గర చిన్న కన్నాలు వేసి, వాటి గుండా ఒక నిటారైన రాడ్డు దూర్చండి. రాడ్డుకు లంబంగా ఒక చేయి బిగించి, దాని చివర గీసే సూది పెట్టండి. సూది ముందుకూ వెనక్కూ జారేలా ఉండాలి. రాడ్డు తిప్పితే బాడీ మీద గొట్టం బయటి వ్యాసానికి సరిపోయే గీత దానంతట అదే పడుతుంది. గీతకు లోపల కోసి, మిగిలింది గ్రైండింగుతో తీయండి.

కూర్చోబెట్టి టాక్ వేయడం

గొట్టాన్ని చైన్ బ్లాకుతో ఎత్తి దూర్చండి. దూర్చే ముందు లోపల, రెండు చివర్లకు దగ్గరగా, కూడిక గుర్తు ఆకారంలో ఫ్లాట్ (బల్లపరుపు ఇనుప పట్టీ) ముక్కలు బిగించి పెడితే వెల్డింగు వేడికి గొట్టం నలగదు. రసమట్టం పెట్టి అడ్డం చూడండి. ముక్కు కొన నుంచి కొలతలు రెండు పక్కలా మళ్లీ తీయండి. అన్నీ పాత లెక్కకు వచ్చాకే నాలుగు చోట్ల టాక్ వేసి, మళ్లీ కొలిచి, అప్పుడు మిగతా టాకులు వేయండి.

ఫ్రేముల నుంచి టన్నెల్‌కు ఆసరాగా ప్లేట్లు వెల్డ్ చేయాలి కదా, అవి ప్రొపెల్లర్ తిరిగే చోట పడకూడదు. అక్కడ బయట వైపు చిన్న వెల్డింగు పెట్టినా గొట్టం లోపలికి లాగుతుంది, రెక్క రాసుకుంటుంది. ఆసరా ప్లేట్లను దానికి అటూ ఇటూ దూరంగా పెట్టండి.

వెల్డింగ్

బాడీ అంచుకు బెవెల్ చేసి, అంటే ఏటవాలుగా కోసి, 2 నుంచి 3 మి.మీ. సందు ఉంచి, బయట నుంచి పూర్తిగా నింపి, లోపల నుంచి రూటును, అంటే వెల్డింగు అడుగు పొరను, గ్రైండ్ చేసి మళ్లీ ఒక రన్ (ఒక వరస వెల్డింగు) వేయాలి. ఒక పక్క మాత్రమే వేసి లోపల పుట్టీ పూసిన పని కూడా చూశాను, దాని గురించి ఎక్కువ చెప్పను.

వెల్డింగు రాడ్డు 7018 రకం. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పెట్టె తెరిచిన రాడ్డును అలాగే వాడొద్దు. 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట, రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి, వేడి డబ్బాలో పెట్టుకుని ఒక్కొక్కటే తీయాలి. షెడ్లు కట్టే వెల్డర్ 6013తో అలవాటు పడి ఉంటాడు, "ఇది కూడా అంతే గట్టి సార్" అంటాడు. వినకండి. రూటుకు 2.5 మి.మీ., పైన 3.15 మి.మీ. డీసీ మిషను, రాడ్డు పాజిటివ్. 3.15కు 90 నుంచి 130 ఆంపియర్ల మధ్య వెల్డర్ తన చేతికి కుదిరింది పెట్టుకుంటాడు.

గుండ్రంగా ఒకే దిశలో తిరుగుతూ వేయకూడదు. పైన 100 మి.మీ., తర్వాత కింద 100, తర్వాత ముందు, తర్వాత వెనక, అలా ఎదురెదురుగా పోవాలి. ఎడమ పక్క ఒక రన్ వేశాక కుడి పక్కకు వెళ్లి అక్కడ ఒకటి వేయాలి. చేయి ఆనించలేనంత వేడెక్కితే ఆగాలి. ఎర్త్ క్లాంపును వెల్డ్ చేసే చోటికి దగ్గరగా, శుభ్రం చేసిన ఇనుము మీద పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీదో, క్రేన్ కొక్కెం మీదో పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

వెల్డింగు చల్లారాక లోపలి ఫ్లాట్ ముక్కలు తీసేసి చెక్క పలకను మళ్లీ తోయండి. ప్రొపెల్లర్ చోట పట్టకుండా పోవాలి.

ఇప్పుడు టన్నెల్ నోటి అంచులు. మొనదేలిన అంచు దగ్గర నీరు సుడి తిరిగి బలం పోతుంది, శబ్దం పెరుగుతుంది. అంచును గుండ్రంగా చేస్తే రెండూ తగ్గుతాయి. వ్యాసంలో పదో వంతు, అంటే 25 మి.మీ. రేడియస్ వస్తే చాలా మంచిది. 8 మి.మీ. గోడతో అంత గుండ్రం రాదు కాబట్టి గొట్టానికీ బాడీకీ మధ్య చుట్టూ ఒక ఏటవాలు రింగు కట్టాలి. దానికి ఖర్చు ఎందుకనుకుంటే కనీసం అంచును గ్రైండ్ చేసి మెత్తగా చేయించండి. నోటికి వలలు పడకుండా కడ్డీలు కావాలంటే, చిలికాలో కావాలనే నా మాట, మూడు నాలుగు ఫ్లాట్లు చాలు. సన్నటి అంచు నీటికి ఎదురుగా ఉండాలి. వాటిని వెల్డ్ చేయకుండా బోల్టులతో పెట్టండి. రేపు ప్రొపెల్లర్ తీయాలంటే ఆ నోటి గుండానే తీయాలి.

లీకు

వెల్డింగుకు బయట వైపు చాక్‌పొడి నీళ్లలో కలిపి పూసి ఆరనివ్వండి. లోపల వైపు కిరోసిన్, దొరకకపోతే డీజిల్ పూయండి. కొన్ని గంటలు ఆగి చూస్తే సన్నటి రంధ్రం ఉన్నా తెల్లటి పూత మీద నూనె మరక కనిపిస్తుంది. మరక వచ్చిన చోట పైన ఇంకో రన్ వేసి మూయకండి, నూనెంతా తుడిచి, గ్రైండ్ చేసి తీసేసి మళ్లీ వేయాలి. డై పెనిట్రంట్ స్ప్రే కూడా చేయించుకుంటే పగుళ్లు తెలుస్తాయి, సర్వేయర్‌కూ తృప్తి.

రంగు, యానోడ్లు

నూనె మరకలు థిన్నరుతో పోగొట్టి, బ్లాస్టింగ్ (గాలితో రేణువులు చిమ్మి శుభ్రం చేయడం) వీలైతే బ్లాస్టింగ్, లేకపోతే మెరిసేదాకా గ్రైండింగు. రెండు పార్టుల ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ కోట్లు, పైన అడుగు రంగు. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము మీద మంచు పట్టేలా ఉన్నా వేయొద్దు. మన తీరంలో పొద్దున్నే వేయడం దండగ, పది దాటాక మొదలుపెట్టి మూడింటికి ఆపండి. రాగి ఉన్న అడుగు రంగు నేరుగా ఇనుము మీద పడకూడదు, మధ్యలో ఎపాక్సీ అడ్డుండాలి. యానోడ్ల మీద, అంటే బాడీకి బదులు తామే తరిగిపోతూ తుప్పును ఆపే లోహపు దిమ్మెల మీద, రంగు పడితే అవి పని చేయవు.

యానోడ్లంటే అందరూ జింకు దిమ్మెలు తెస్తారు. సముద్రంలో తిరిగే బోటుకు అది సరే. చిలికాలో వానాకాలం నదుల నీరొచ్చి ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలం పెరుగుతుంది. ఉప్పు తగ్గిన నీళ్లలో జింకు మీద పొర కట్టి నిద్రపోతుంది. అక్కడ అల్యూమినియం యానోడ్లు మేలు. రెండు రకాలూ కలిపి పెట్టకండి. టన్నెల్ నోళ్ల దగ్గర బాడీకి రెండు పక్కలా చెరొకటి, థ్రస్టర్ కాలుకు దానిదే వేరేగా ఒకటి. కాలు బాడీ నుంచి ఇన్సులేట్ అయి ఉంటుంది కాబట్టి బాడీ యానోడు దాన్ని కాపాడదు.

థ్రస్టర్ బిగింపు

కాలు కూర్చునే కన్నాలను గొట్టం బోటులో పూర్తిగా వెల్డ్ అయ్యాకే, గాస్కెట్టును టెంప్లేటుగా పెట్టి వేయండి. ముందే వేసుకొచ్చిన కన్నాలు వెల్డింగు లాగుడుకు ఒకటి రెండు మి.మీ. పక్కకు పోతాయి. కొత్త గాస్కెట్టు, కొత్త బుష్షులు, తయారీదారు చెప్పిన సీలెంటు. బోల్టులు మాన్యువల్‌లో రాసిన టార్కుకు, ఎదురెదురుగా.

నీళ్లలోకి దింపకముందే మల్టీమీటరుతో కాలుకూ బాడీకీ మధ్య చూడండి. అవి కలిసి ఉన్నట్టు చూపిస్తే ఎక్కడో ఇన్సులేషన్ పోయింది. తర్వాత మోటారు కేబుళ్లు బిగించి మోటారు బాడీకీ బోటు బాడీకీ మధ్య కూడా చూడండి. నీళ్లలోకి దిగాక ఈ పరీక్ష పనికిరాదు, నీరే రెండిటినీ కలుపుతుంది కాబట్టి మీటరు తప్పు చెప్తుంది. చివరగా చెక్క పలకకు బదులు ప్రొపెల్లర్‌నే చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఎక్కడా రాయకూడదు, రెక్కకూ గోడకూ సందు చుట్టూ ఒకేలా ఉండాలి.

బోటును క్రేన్ బెల్టుల మీదే ఉంచి, సగం నీళ్లలో దించి, ముక్కు గదిలో టార్చితో ఒక మనిషిని పెట్టండి. వెల్డింగు దగ్గర, గాస్కెట్టు దగ్గర పొడి గుడ్డతో తుడిచి చూడమనండి. అరగంట తర్వాత గుడ్డ తడవకపోతే పూర్తిగా దించండి. థ్రస్టర్‌ను లోతైన నీళ్లలో రెండు పక్కలకూ కొన్ని సెకన్ల చొప్పున నడపండి. థ్రస్టర్ల ఎలక్ట్రిక్ మోటార్లు చాలావరకు నిమిషాల తరబడి నడవడానికి చేసినవి కావు, మాన్యువల్‌లో రాసిన సమయం దాటొద్దు. నెల తర్వాత బోల్టుల టార్కు మళ్లీ చూసి, వీలైనప్పుడు ఈతగాణ్ని దించి కాలు యానోడ్ ఎంత తరిగిందో చూపించుకోండి. నెలలోనే సగం పోయి ఉంటే వైరింగులో ఇంకా ఎక్కడో కరెంటు కారుతోంది, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.